టీయూ-142కి బూడిద రంగు: ఒక ఎయిర్‌బ్రష్ డైరీ

మావాడికి విమానాల పిచ్చి. నేవీ పాత గస్తీ విమానం టీయూ-142ని పెట్టిన విశాఖ బీచ్ రోడ్డు మ్యూజియానికి ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కలేదు. నేవీలో 1988 నుంచి 2017 దాకా 29 ఏళ్ళు, 30 వేల గంటలు, ఒక్క ప్రమాదం కూడా లేదు అని ఎవరూ అడక్కుండానే అప్పజెప్పేస్తాడు. వాడి పదో పుట్టినరోజుకి అదే విమానం 1:144 స్కేల్ ప్లాస్టిక్ కిట్ తెప్పించాను. అసలుది 53 మీటర్ల పొడవు, మా డైనింగ్ టేబుల్ మీదికొచ్చేసరికి 37 సెంటీమీటర్లు. ముక్కలు అతికించడం ఇద్దరం కలిసి రెండు వారాల్లో పూర్తి చేశాం. అంత పెద్ద రెక్కల మీద కుంచెతో వేస్తే గీతలు పడతాయని, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ కొన్నాను.

ఏ ఎయిర్‌బ్రష్ కొనాలో ఒక్క సాయంత్రంలో తేలింది. అందులో ఏ రంగు పొయ్యాలో తేలడానికి నాలుగు వారాలు పట్టింది. క్యాలెండర్ కాగితాల వెనక రాసుకున్నవి ఇక్కడ ఫెయిర్ చేసి పెడుతున్నాను.

జూలై 6, ఆదివారం

సెట్ విప్పాం. 0.3 మి.మీ. నాజిల్, నెత్తిన చిన్న కప్పు, మూడు లీటర్ల ట్యాంకున్న బుల్లి కంప్రెసర్. మీట కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. మొదటి గంట కప్పులో మంచినీళ్ళు పోసి పాత పేపర్ల మీద చుక్కలు, గీతలు. మొదలుపెట్టేటప్పుడు గాలి ముందు, రంగు తర్వాత. ఆపేటప్పుడు రంగు ముందు, గాలి తర్వాత. ముగ్గు వేసే చేతికి ఇది తొందరగానే పట్టుబడింది.

ధైర్యం వచ్చి, మావాడి డ్రాయింగ్ డబ్బాలోంచి నలుపు, తెలుపు అక్రిలిక్ తీసి బూడిద రంగు కలిపి, నీళ్ళు పోసి కొట్టాను. రెండు నిమిషాలు బాగానే వచ్చింది. తర్వాత తుంపర్లు. తర్వాత ఒక పెద్ద బొట్టు. తర్వాత ఏమీ లేదు.

ఎందుకో రాత్రి కూర్చుని చదివితే అర్థమైంది. అక్రిలిక్ అంటే నీళ్ళలో తేలే ప్లాస్టిక్ బంక, అందులో రంగు పొడి. నీరు ఆరగానే బంక రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొరగా మారతాయి. ఒకసారి మారాక నీళ్ళు పోసినా కరగవు. నాజిల్ లోపలి సూది మొన దగ్గర గాలి జోరుగా పోతూ ఉంటుంది కాబట్టి, అన్నిటికంటే ముందు అక్కడే ఆరి గడ్డ కడుతుంది. పైగా పిల్లల రంగుల్లో పొడి ముతక. కుంచెకి ఫర్వాలేదు గానీ 0.3 మి.మీ. సందులోకి అది ఇసక లారీ వెళ్ళినట్టే. పల్చబడాలని నీళ్ళు ఎక్కువ పోస్తే బంక బలం తగ్గి, ప్లాస్టిక్ మీద తామరాకు మీది చుక్కల్లా ముడుచుకుపోతుంది. అదీ చూశాను.

జూలై 8, మంగళవారం

నాజిల్ శుభ్రం చెయ్యడానికే సాయంత్రం అయిపోయింది. గుండుసూదితో పొడవబోతుంటే మా ఆయన ఆపారు. మంచి పని చేశారు, నాజిల్ మూతి ఇత్తడి, గీత పడితే రంగు పక్కకి చిమ్ముతుందట. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో రాత్రంతా నానబెడితే పొరలు పొరలుగా ఊడింది.

జూలై 13, ఆదివారం

స్కూటీకి సొట్ట పడితే గాజువాక ఆటోనగర్‌లో ఒక పెయింటింగ్ షెడ్డుకి వెళ్ళాను. మేస్త్రీ గారు ముప్పై ఏళ్ళుగా స్ప్రే గన్ పట్టుకున్న మనిషి. నా ఎయిర్‌బ్రష్ ఫొటో చూపిస్తే నవ్వారు.

"ఏటమ్మా ఇది, బొమ్మ గన్నా?"

"బొమ్మలకేనండీ. రంగు కుదరట్లేదు. ఏ కంపెనీది మంచిదో చెప్పండి."

"కంపెనీ సంగతి తర్వాత. ముందు దానికి థిన్నరేటో చూసుకోవాలి. థిన్నర్ తెలీకుండా డబ్బా మూత తియ్యకూడదమ్మా."

ఆ మాట అప్పుడు చెవికెక్కలేదు. కానీ ఆయన చూపించిన రెండోది మాత్రం అక్కడికక్కడే పట్టేసింది. రంగు ఎంత పల్చగా ఉండాలని అడిగితే, టీ తాగుతున్న గాజు గ్లాసు నా ముందు వంచారు. "గోడకి చూడండి. టీ జారిపోయింది, సన్నటి పొర మిగిలింది. ఏమీ మిగలకపోతే మరీ పల్చన. కదలకుండా ఉండిపోతే మరీ చిక్కన." పాలలా ఉండాలి అని ఎక్కడ చూసినా రాసే ఉంది. ఏ పాలు? మా ఇంటికొచ్చే గేదె పాలా, ప్యాకెట్ టోన్డ్ పాలా? గ్లాసు గోడ లెక్కతో ఆ సందేహం తీరింది.

మిగిలిపోయిన ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్, బూడిద రంగుది, వంద మి.లీ. సీసాలో పోసి, దానికి థిన్నర్ కూడా ఇచ్చారు. "ప్లాస్టిక్ మీద నాకు అలవాటు లేదు. ముందు పనికిరాని ముక్క మీద కొట్టి చూడండి" అన్నారు. షెడ్డులో కారుకి వేసేది పీయూ, అంటే హార్డెనర్ కలిపే రంగు. అది అడగబోతే చెయ్యి అడ్డం పెట్టారు. అందులో ఐసోసయనేట్లు ఉంటాయి, పీలిస్తే ఆస్తమా వచ్చే ప్రమాదం ఉంది. మామూలు మాస్కులతో ఆగేది కాదు, బయటి గాలి అందించే ఏర్పాటు ఉండాలి. బాల్కనీలో చేసే పని కాదని తేలిపోయింది.

జూలై 20, ఆదివారం

పొద్దుటి నుంచి ముసురు. కిట్ ముక్కలు కత్తిరించాక మిగిలిన ప్లాస్టిక్ చట్రం మీద ఎన్‌సీ కొట్టాను. ఎంత హాయిగా వస్తుందో! అడ్డు లేదు, తుంపర లేదు, అద్దంలా పడింది. ఇదే నా రంగు అని ఐదు నిమిషాలు సంబరపడ్డాను.

పదో నిమిషానికి చట్రం మీద సాలెగూడు లాంటి పగుళ్ళు. ఎన్‌సీ థిన్నర్‌లో టోల్యూన్ లాంటి ఘాటు ద్రావకాలుంటాయి. కారు రేకుకి ఏమీ కాదు గానీ, కిట్ల పాలీస్టైరీన్‌ని అవి కరిగిస్తాయి. ప్లాస్టిక్ మీది సన్నటి గీతలు మెత్తబడి కలిసిపోయాయి. రెండో చట్రం మీద దూరం నుంచి పొడిగా కొడితే పగుళ్ళు రాలేదు గానీ, పైన పాలు ఒలికినట్టు తెల్లటి మసక. ద్రావకం గబుక్కున ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద సన్నగా చేరుతుంది. బ్లషింగ్ అంటారట. ముసురు పట్టిన రోజు, సముద్రానికి కిలోమీటరు దూరంలో, ఇంకేం కావాలి.

కంప్రెసర్ గొట్టం దగ్గర తేమ పట్టే చిన్న గాజు గిన్నెలో కూడా నీళ్ళు చేరాయి. అరగంటకోసారి వదిలెయ్యాలి, లేకపోతే ఆ చుక్కే రంగు మధ్యలో వచ్చి పడుతుంది. ఇది ఎన్‌సీ తప్పు కాదు, ఊరి తప్పు.

సాయంత్రం అత్తయ్య పూజ గదిలోంచి బయటికొచ్చి, "అమ్మాయ్, గ్యాస్ లీకవుతోందా?" అన్నారు. కాదత్తయ్యా, విమానం. మాస్కు పెట్టుకున్నా నాకూ తల పట్టేసింది. నేను పెట్టుకున్నది దుమ్ము మాస్కు. అది రంగు పొగమంచులో రేణువుల్ని ఆపుతుంది గానీ ద్రావకం ఆవిరిని ఆపదు. దానికి కార్బన్ కార్ట్రిడ్జ్‌లున్న రెస్పిరేటర్ కావాలి. ఆర్డర్ పెట్టాను. ఈ వరుసలో మొదట కొనాల్సింది నాలుగోది కొన్నాను.

ఎయిర్‌బ్రష్ విప్పితే లోపల ఒక రబ్బరు రింగు ఉబ్బి గోరుమీటలా ఉంది. సెట్‌తో వచ్చిన అదనపు రింగు ఒకటుండబట్టి సరిపోయింది. ఎన్‌సీ సీసాకి మూత బిగించి, మేస్త్రీ గారికే తిరిగి ఇచ్చేశాను.

జూలై 27, ఆదివారం

ఈసారి ఎయిర్‌బ్రష్ కోసమే తయారుచేసిన నీటి అక్రిలిక్. పొడి మెత్తగా నూరి, పల్చగా సీసాలో పోసి అమ్ముతారు. వాసన దాదాపు లేదు. రెస్పిరేటర్ కూడా వచ్చింది, దానితో నా మొహం చూసి మావాడు ఫైటర్ పైలట్ అని సెల్యూట్ కొట్టాడు.

కాస్త పల్చబడాలి అనిపించి, పోయినసారి నాజిల్‌ని కాపాడిన ఆల్కహాల్ ఉందిగా అని కప్పులో నాలుగు చుక్కలు వేశాను. అంతే, రంగు విరిగిపోయింది. అక్షరాలా విరిగింది, నిమ్మకాయ పిండిన పాలలా, గడ్డలు గడ్డలుగా. నీటి అక్రిలిక్‌లో చాలా రకాల బంకకి ఆల్కహాల్ పడదు. ఎండిన పొరని ఆల్కహాల్ ఊడదీస్తుంది, సరే. అదే గుణం తడి రంగులో పోస్తే మన కొంప ముంచుతుంది. గాజువాక మాట అప్పుడు గుర్తొచ్చింది. థిన్నర్ తెలీకుండా మూత తియ్యకూడదు.

ఆ సీసాల కంపెనీ వాళ్ళదే థిన్నర్, రెండు చుక్కలు ఫ్లో ఇంప్రూవర్, అంటే తొందరగా ఆరనివ్వని ద్రవం, కలిపాక పని జరిగింది. గాలి ఒత్తిడి 18 పీఎస్ఐ దగ్గర నునుపుగా పడింది. కాకపోతే ఐదారు నిమిషాలకోసారి సూది మొన మీద చిన్న మీసం మొలుస్తుంది. తడి ఇయర్‌బడ్‌తో తుడుచుకుంటూ పోవాలి.

మర్నాడు మాస్కింగ్ టేపు, అంటే రంగు పడకూడని చోట అంటించే టేపు, అంటించి పీకితే రంగు టేపుతో పాటే వచ్చేసింది, పాలమీద మీగడలా. ప్రైమర్ వెయ్యలేదు మరి. నీటి అక్రిలిక్‌కి ప్లాస్టిక్‌ని కరిచిపట్టే గుణం తక్కువ, కింద ప్రైమర్ ఉండాల్సిందే. అంతకంటే ముందు కిట్‌ని గిన్నెలు తోమే సబ్బుతో కడగాలి. అచ్చులోంచి ఊడిరావడానికి రాసే జిడ్డు ముక్కల మీద ఉంటుంది. నేను అదీ చెయ్యలేదు.

పిల్లలు పక్కనే ఉండే ఇళ్ళకి, కిటికీ సరిగ్గా లేని గదులకి ఇదే మంచి రంగు అని ఇప్పటికీ నా నమ్మకం. నాకు సరిపడలేదు, ఎందుకంటే నాకు ఓపిక తక్కువ, మొన తుడుచుకుంటూ కూర్చోలేను. ఎనామెల్ సంగతి కూడా ఆలోచించాను. టర్పెంటైన్ పోస్తే చక్కగా పల్చబడుతుంది, మొన మీద ఆరదు. కానీ గాలిలో ఆక్సిజన్‌తో నెమ్మదిగా గట్టిపడే రకం, ఒక్కో పూతకి ఒక రోజు పైనే ఆగాలి. ఈ వర్షాల్లో ఆ తడి మీద పురుగులు వాలితే నా విమానం ఈగల మ్యూజియం.

ఆగస్టు 3, ఆదివారం

ఆల్కహాల్ ద్రావకంగా ఉండే అక్రిలిక్ ఒకటుంటుందని తెలిసింది. మోడల్ కిట్లు చేసే జపాన్ కంపెనీ టమియా వాళ్ళ సీసాలు అలాంటివే. పేరుకి అక్రిలిక్ కాబట్టి మొన్నటి నీటి రంగుకి చుట్టమే అనుకుంటాం. కానీ దీనికి ఆల్కహాల్ పడుతుంది, దానికి విషం. రెండిటి మీదా అక్రిలిక్ అనే రాసి ఉంటుంది. కొత్తవాళ్ళం బోల్తా పడేది ఇక్కడే. మూత మీది పేరు కాదు, లోపల ద్రావకం ఏమిటన్నదే రంగు కులగోత్రం.

10 మి.లీ. సీసా రెండొందలు దాటింది. అత్తయ్యకి ధర చెప్పలేదు. ఈసారి బుద్ధిగా ముందు థిన్నర్ కొన్నాను, టమియా ఎక్స్-20ఏ, 250 మి.లీ. పెద్ద సీసా. లెక్క ఇలా కుదిరింది: రంగు రెండు పాళ్ళు, థిన్నర్ మూడు పాళ్ళు. గ్లాసు గోడ పరీక్ష. ప్రెషర్ 15 నుంచి 18 పీఎస్ఐ. దూరం నా నాలుగు వేళ్ళ వెడల్పు. మొదటి పూత కనీకనపడని మంచులా, రెండు నిమిషాలు ఆగి రెండోది, మూడో పూతకి నిండుదనం.

కొట్టాను. మొన మీద మీసం లేదు. పగుళ్ళు లేవు. పావుగంటకి చేతికి అంటలేదు. టేపు పీకితే రంగు కదల్లేదు.

వాసన లేదని కాదు, ఉంది. ఆసుపత్రి స్పిరిట్ లాంటిది. రెస్పిరేటర్ తప్పనిసరి, బాల్కనీలోంచి ఇంట్లోకి ఉన్న తలుపు మూసి, ఫ్యాను గాలి బయటికి తోసేలా పెట్టుకోవాలి. మంటకి అంటుకునే సరుకు కూడా. అందుకే వంటింట్లో పొయ్యి మీద పాలున్నప్పుడు పని పెట్టుకోను.

ఒక గంటలో పని తేలింది. అంతకుముందు నాలుగు వారాలు పోయాయి.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. వారమంతా ఎయిర్‌బ్రష్ అటక మీద.

ఆగస్టు 10, ఆదివారం

రంగు రకం తేలింది, రంగే తేలలేదు. బూడిద అంటే ఏ బూడిద? బిర్యానీ పార్శిళ్ళతో వచ్చి పోగుపడ్డ ప్లాస్టిక్ స్పూన్లు నాలుగింటికి నాలుగు రకాలు కొట్టాం. టమియా వాళ్ళ ఎక్స్ఎఫ్-19 స్కై గ్రే, ఎక్స్ఎఫ్-20 మీడియం గ్రే, ఎక్స్ఎఫ్-66 లైట్ గ్రే, నాలుగోది స్కై గ్రేలో తెలుపు కలిపినది. సాయంత్రం స్పూన్లు పట్టుకుని బీచ్ రోడ్డుకి వెళ్ళాం. విమానం పక్కన నిలబడి ఒక్కో స్పూనూ కంటికెదురుగా పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు మావాడు. మ్యూజియంలో ఉన్నవాళ్ళు ఐస్‌క్రీం తింటున్నారేమో అనుకుని ఉంటారు.

ఎండలో ఒక రకంగా, మబ్బు పట్టగానే ఇంకో రకంగా కనిపించింది. ఏళ్ళుగా ఉప్పుగాలి తగిలిన రంగది, ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పటి రంగు ఏదో ఇప్పుడు దాన్ని చూసి చెప్పడం కష్టం. నాలుగో స్పూను దగ్గరగా అనిపించింది. చిన్న మోడల్ మీద అదే రంగు అసలుకంటే ముదురుగా కనిపిస్తుంది, అందుకే కొంచెం తెలుపు కలపమంటారు అనుభవం ఉన్నవాళ్ళు. మా కంటికీ అదే నిజమనిపించింది. స్కై గ్రే నాలుగు పాళ్ళు, ఎక్స్ఎఫ్-2 తెలుపు ఒక పాలు. ఒకేసారి 30 మి.లీ. కలిపి పాత దగ్గు మందు సీసాలో పోసి పెట్టాను. మధ్యలో అయిపోతే మళ్ళీ అదే రంగు కలపడం మన వల్ల కాదు.

ఆగస్టు 15, శుక్రవారం

సెలవు. పొద్దున్నే విమానానికి సబ్బు స్నానం, ఎండలో ఆరబెట్టడం. ఉదయం ప్రైమర్, మధ్యాహ్నం భోజనాలయ్యాక బూడిద.

ఎడమ రెక్క మొదటి పూత దగ్గర ఆత్రపడి దగ్గరికెళ్ళాను. రంగు గాలికి కాళ్ళొచ్చి సాలీడులా పరిగెత్తింది. అలా అయితే మూడు కారణాలు: మరీ దగ్గర, మరీ పల్చన, లేదా గాలి జోరు. నాది మొదటిది. ఆరనిచ్చి, సన్నటి గరుకు కాగితం తడిపి రుద్ది, మళ్ళీ కొట్టాను. పొట్ట కింద ఒకచోట దీనికి ఉల్టా, దూరం ఎక్కువై రంగు గాల్లోనే ఆరి పిండి రాలినట్టు పడింది. అది కనపడదులే అని వదిలేశాను. మావాడు చూశాడు. వాడికి కనపడనిది లేదు.

కిట్‌తో వచ్చిన గుర్తులు సోవియట్ ఎర్ర నక్షత్రాలు. మనకి కావాల్సింది మూడు రంగుల చక్రం, బయట ఆకుపచ్చ, దాని లోపల తెలుపు, నట్టనడుమ కాషాయం. మాస్కింగ్ టేపులో వృత్తాలు కోసి రంగుతోనే వేశాం. బూడిద మీద నేరుగా కాషాయం కొడితే మట్టి రంగులో వచ్చింది. పసుపు, నారింజ, ఎరుపు వర్గాల రంగులకి కింద ఉన్నదాన్ని కప్పే శక్తి తక్కువ. ముందు తెల్ల చక్రం వేసి, దాని మీద ఆకుపచ్చ, చివర్లో కాషాయం. పంద్రాగస్టు నాడే చక్రాలు పడటం అనుకోకుండా జరిగింది. మావాడు మాత్రం ఇదంతా ప్లానే అని అందరికీ చెప్తున్నాడు.

ఆగస్టు 24, ఆదివారం

ఎక్స్-22 క్లియర్, అంటే రంగు లేని నునుపు పూత. మెరుపు కోసం కాదు. గరుకు రంగు మీద డెకాల్, అంటే నీళ్ళలో నానబెట్టి అంటించే స్టిక్కర్, అంటిస్తే కింద గాలి చేరి అంచులు వెండిలా మెరుస్తాయి, నునుపు మీద చేరదు. అంకెలు, అక్షరాల డెకాల్స్ అంటించాక మెరుపు తగ్గించడానికి ఎక్స్ఎఫ్-86 ఫ్లాట్ క్లియర్. ఇది ఎక్కువైతే మసక వస్తుంది. ఆ అనుభవం రెండో స్పూను మీద అయింది, విమానం మీద కాదు.

మిగిలింది ప్రొపెల్లర్లు. ఒక్కో ఇంజన్‌కి ఒకదాని వెనక ఒకటి, ఎదురెదురు దిక్కుల్లో తిరిగేవి రెండు. నాలుగు ఇంజన్లకి ఎనిమిది, ఒక్కోదానికి నాలుగు రెక్కలు, మొత్తం 32. అగరుబత్తి పుల్లలకి టేపుతో అంటించి, వరసగా గుచ్చి నిలబెట్టాం. బుధవారం వినాయక చవితి, అది అయ్యేదాకా అలాగే ఉంటాయి. అత్తయ్య వాటిని చూసి, పత్రి మధ్యలో ఇవేంటి అని అడిగారు.

మావాడు నిన్నటి నుంచి కురుసురా కిట్ దొరుకుతుందేమో వెతకమంటున్నాడు. జలాంతర్గామి కదా, నలుపు ఒక్కటే చాలు, ఇబ్బందేమీ ఉండదంటాడు. నల్ల స్పూన్లు ఎన్ని కొట్టాలో వాడికింకా చెప్పలేదు.